కొమ్మ పక్కన రాసిన అంకె: పరిణామ వృక్షంలో అనిశ్చితిని కొలవడం ఎలా?

మిర్చి తోటల్లో నల్ల తామర పురుగు విరుచుకుపడిన 2021 సంవత్సరం వరంగల్, ములుగు, మహబూబాబాద్ రైతులు ఇంకా మరచిపోలేదు. పూతలోకి దూరి రసం పీల్చి, పూలన్నీ రాల్చేసిన ఆ పురుగు శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద గుర్తించారు. మనకు ముందునుంచీ తెలిసిన, ఆకును పైకి ముడిచే మిర్చి తామర పురుగు స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ వేరు, ఇది వేరు.

హనుమకొండలో పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పే నా దగ్గరికి ప్రాజెక్టు పనికని ఈ పురుగుల సీక్వెన్సులు (డీఎన్ఏ అక్షరాల వరుసలు) తరచుగా వస్తుంటాయి. నర్సంపేట నుంచి కొన్ని, పరకాల నుంచి కొన్ని, ములుగు నుంచి కొన్ని పట్టుకొస్తారు. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ పురుగు దేనికి దగ్గరి చుట్టమో చూపే పరిణామ వృక్షం, అంటే చెట్టు, వచ్చేస్తుంది. ఆ చెట్టును చూపించి "సార్, ములుగు పురుగులు వేరే శాఖ" అంటారు. ఆ శాఖ మొదట్లో ఉన్న అంకె చూస్తే 48. ఆ అంకె ఏం చెబుతోందని అడిగితే మాట ఆగిపోతుంది. వాళ్ల తప్పు కాదు. ఒకప్పుడు నా సొంత థీసిస్‌లో 62 అని ఉన్న కొమ్మను "ఇది నిజమయ్యే అవకాశం 62 శాతం" అని రాశాను. ఎవరూ ఆపలేదు. ఆ అంకె ఎలా పుడుతుందో, ఏం చెబుతుందో, ముఖ్యంగా ఏం చెప్పలేదో వరుసగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు సందేహం ఎక్కడో తేల్చుకోండి

చెట్టు అనేది మనం చూసిన వస్తువు కాదు. మిగిలిన అక్షరాలను బట్టి జరిగిపోయిన చరిత్రను వేసిన అంచనా. పైగా వేలల్లోంచి, లక్షల్లోంచి ఎంచుకున్న ఒక అంచనా. నాలుగు జీవులుంటే వేరు గుర్తించని చెట్లు మూడే సాధ్యం. ఐదుంటే 15. ఆరుంటే 105. పదికి చేరేసరికి 20,27,025. ఇరవై జీవులకైతే 22 పక్కన 19 సున్నాలు పెట్టినంత సంఖ్య కన్నా ఎక్కువే. అన్నిట్లోంచి ఒకటి గెలిచిందంటే రెండోది ఎంత దగ్గరగా వచ్చి ఓడిందో కూడా తెలుసుకోవాలి కదా.

అయితే చెట్టు మొత్తానికి కలిపి "ఎంత నమ్మకం" అని అడిగితే జవాబు పెద్దగా ఉపయోగపడదు. అడగాల్సింది కొమ్మ గురించి. అందుకే పని మొదలుపెట్టే ముందు నోటుబుక్కులో ఒకటి రెండు వాక్యాలు రాసుకోమంటాను: "మా పొలాల్లో దొరికిన నల్ల తామర పురుగులన్నీ ఒకే గుంపుగా కూడుతున్నాయా?", "ములుగు నమూనాలు విడి శాఖగా నిలుస్తాయా?" చెట్టు చూశాక ప్రశ్న రాస్తే ఎక్కడ పెద్ద అంకె కనిపిస్తే అదే మన ప్రశ్న అయిపోతుంది. ఇది చాలామందికి తెలియకుండానే జరుగుతుంది.

డేటాను కళ్లతో చూడండి

కీటకాల గుర్తింపులో ఎక్కువగా వాడేది మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 బేసుల (డీఎన్ఏ అక్షరాల) ముక్క. దాన్నే బార్‌కోడ్ అంటారు. మాఫ్ట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో సీక్వెన్సులను ఒకదాని కింద ఒకటి సర్దితే అలైన్‌మెంట్ వస్తుంది. అడ్డంగా ఒక్కో పురుగు, నిలువుగా ఒక్కో స్థానం. ఇక్కడ తప్పు జరిగితే తర్వాతి అంకెలేవీ దాన్ని పట్టుకోలేవు. అందుకే ఈ దశలో కాసేపు ఓపికగా కూర్చోవాలి.

మొదట అకశేరుకాల మైటోకాండ్రియా కోడ్‌తో సీక్వెన్సును ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని ఆపమనే మూడక్షరాల గుర్తు) వస్తే అది అసలు జన్యువు కాకపోవచ్చు. కేంద్రకంలోకి ఎప్పుడో చేరి పాడుబడ్డ నకలు కావచ్చు. సగమే చదివిన చిన్న సీక్వెన్సులను గుర్తుపెట్టుకోండి. వాటితో ఏం ఇబ్బందో తర్వాత చెబుతాను.

తర్వాత అచ్చంగా ఒకేలా ఉన్న సీక్వెన్సులను ఒక్కటిగా కలపండి. ఈ పని మన నమూనాలకు చాలా ముఖ్యం. కొత్తగా వచ్చి పడ్డ పురుగుల్లో వైవిధ్యం తరచుగా తక్కువగా ఉంటుంది. ఇరవై పురుగుల్లో పదిహేను ఒకేలా ఉంటే వాటి మధ్య కొమ్మల పొడవు సున్నా. కానీ సాఫ్ట్‌వేర్ వాటిని కూడా ఏదో ఒక వరుసలో రెండేసి చొప్పున విడదీసి గీస్తుంది. ఆ విభజనకు ఆధారంగా ఒక్క అక్షరం కూడా ఉండదు. ములుగు శాఖకు 48 వచ్చిన చెట్టులో నేను మొదట చూసేది కొమ్మ పొడవు. అది సున్నాకు దగ్గరగా ఉంటే అంకె మీద చర్చే అక్కర్లేదు.

పది చిట్టీలతో బూట్‌స్ట్రాప్

బూట్‌స్ట్రాప్ అనే పద్ధతిని గణాంక శాస్త్రంలో 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ ప్రవేశపెట్టాడు. దాన్ని పరిణామ వృక్షాలకు 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ అన్వయించాడు. అప్పటినుంచి అది ఈ రంగంలో అందరూ వాడే కొలత అయింది.

ఆలోచన ఇది. మనకు కావాల్సింది నిజానికి అదే చరిత్రనుంచి వచ్చిన మరో వంద డేటాలు. ప్రతిదానితో చెట్టు కట్టి, మన కొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే సరిపోయేది. కానీ మన దగ్గరున్నది ఒక్కటే డేటా. అందుకని దాని నిలువు వరుసల్లోంచే మళ్లీ మళ్లీ తీసి కొత్త డేటాలు తయారుచేస్తాం.

మన ఊళ్లలో చిట్టీ డ్రా ఎలా తీస్తారో తెలుసు కదా. డబ్బాలో పేర్లు రాసిన చిట్టీలు వేసి ఒకటి తీస్తారు. పేరు వచ్చినవాళ్ల చిట్టీ మళ్లీ డబ్బాలో వేయరు. బూట్‌స్ట్రాప్‌లో మాత్రం వేస్తారు. తేడా అంతా అక్కడే ఉంది. తీసిన చిట్టీ రాసుకుని తిరిగి డబ్బాలో వేసి, మళ్లీ కలిపి తీయాలి. అలా ఎన్ని వరుసలుంటే అన్నిసార్లు తీయాలి. కొన్ని వరుసలు రెండుసార్లో మూడుసార్లో వస్తాయి, కొన్ని అసలు రావు. 658 వరుసల డేటాలో ఒక్కో విడతకు సగటున 37 శాతం వరుసలు బయటే ఉండిపోతాయి.

తరగతిలో దీన్ని చేత్తోనే చేయిస్తాను. మీరూ చేయండి, పావుగంట పని. నాలుగు పురుగులు: క, చ, ట, త. అలైన్‌మెంట్‌లో పదే నిలువు వరుసలు. వాటిలో మూడు వరుసలు "క, చ జంట" అంటున్నాయి. ఒక వరుస "క, ట జంట" అంటోంది. మిగతా ఆరు ఏ పక్షమూ వహించడం లేదు. ఎక్కువ వరుసలు ఎటు ఉంటే ఆ చెట్టు గెలిచినట్టు. అసలు డేటాలో క-చ జంట మూడుకు ఒకటి చొప్పున గెలిచింది.

ఇప్పుడు పది చిట్టీలు రాసి డబ్బాలో వేయండి. ఒకటి తీసి, రాసుకుని, తిరిగి వేయండి. పదిసార్లు తీస్తే ఒక విడత. ఇలా చాలా విడతలు చేస్తే క-చ జంట వందకు సుమారు 79 సార్లు గెలుస్తుంది. క-ట జంట 9 సార్లు గెలుస్తుంది. మిగతా 12 సార్లు సమానమవుతుంది. ఇవి సంభావ్యత సూత్రంతో కాగితం మీద వేసిన అంకెలు. తరగతిలో ఇరవై విడతలే చేస్తాం కాబట్టి కొంచెం అటూ ఇటూ వస్తుంది. సమానమైన విడతలను ఎవరి గెలుపుగానూ లెక్కించకపోతే క-చ కొమ్మ మీద రాసే అంకె 79.

ఆ 79 అర్థం "ఈ జంట నిజమయ్యే అవకాశం 79 శాతం" అని కాదు. మన దగ్గరున్న అక్షరాలను కదిపి చూస్తే, ఇదే పద్ధతితో, ఇదే జవాబు వందకు 79 సార్లు నిలబడిందని. జవాబు ఎంత స్థిరంగా ఉందో తప్ప ఎంత సరైనదో అది చెప్పదు.

లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం. వరుసలు వంద అనుకోండి, నిష్పత్తి మాత్రం అదే: ముప్ఫై క-చ వైపు, పది క-ట వైపు, అరవై మౌనం. ఇప్పుడు బూట్‌స్ట్రాప్ 99 దాటిపోతుంది. మాట్లాడిన ప్రతి నాలుగు వరుసల్లో ఒకటి అప్పుడూ వ్యతిరేకమే, ఇప్పుడూ వ్యతిరేకమే. సాక్ష్యంలోని విభేదం రవ్వంత కూడా తగ్గలేదు, అంకె మాత్రం వందకు చేరింది. ఈ చిన్న లెక్కను మనసులో పెట్టుకోండి. పెద్ద డేటాలతో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

కంప్యూటర్‌లో నడిపేటప్పుడు

చెట్లు కట్టడానికి ఉచితంగా దొరికే ఐక్యూ-ట్రీ అనే సాఫ్ట్‌వేర్ మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. మన కాలేజీ ప్రాజెక్టులకు అది చాలు. ముందు మోడల్ ఎంపిక. అక్షరాలు ఏ వేగంతో మారతాయో చెప్పే గణిత రూపమే మోడల్. మోడల్‌ఫైండర్ అనే భాగానికి అప్పగిస్తే డేటాకు తగినదాన్ని అదే ఎంచుతుంది. సీఓఐ వంటి ప్రోటీన్ జన్యువుకు కోడాన్‌లోని మొదటి, రెండో, మూడో స్థానాలను విడివిడి భాగాలుగా ఇవ్వండి. మూడో స్థానం చాలా వేగంగా మారుతుంది. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే మోడల్‌కు అన్యాయం జరుగుతుంది.

తర్వాత బూట్‌స్ట్రాప్. ఐక్యూ-ట్రీ రెండో వెర్షన్‌లో చిన్న బి అక్షరం ఇస్తే ఫెల్సెన్‌స్టైన్ చెప్పిన మామూలు బూట్‌స్ట్రాప్, పెద్ద బి ఇస్తే దానికి వేగవంతమైన రూపమైన అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ నడుస్తుంది. రెండూ ఒకటి కావు, వాటి అంకెలను చదివే తీరూ ఒకటి కాదు. ఏది నడిపామో తెలియకుండానే థీసిస్‌లో "బూట్‌స్ట్రాప్" అని రాసేసినవాళ్లను చాలామందిని చూశాను. నడిపిన కమాండ్‌ను ఉన్నది ఉన్నట్టు ఫైల్‌లో దాచుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

నా సలహా: చిన్న డేటా అయితే రెండూ నడపండి. అల్ట్రాఫాస్ట్‌కు 1000 విడతలు ఇవ్వండి. దానితోపాటు ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ అనే పరీక్షను కూడా 1000కి పెట్టండి. ఒక కొమ్మకు పక్కనున్న రెండు ప్రత్యామ్నాయ అమరికలతో పోలిస్తే ఆ కొమ్మ ఎంత మెరుగో అది చూస్తుంది. మోడల్ పూర్తిగా సరిపోలేదని అనుమానం ఉంటే బీఎన్ఎన్ఐ అనే ఆప్షన్ కలపండి. అల్ట్రాఫాస్ట్ అతిగా పెంచి చూపించే ప్రమాదాన్ని అది తగ్గిస్తుంది.

విడతలు ఎన్ని అన్నది కూడా ఊరికే పెట్టే అంకె కాదు. నిజమైన విలువ 95 దగ్గర ఉంటే 100 విడతలతో వచ్చే అంకెలో ప్రామాణిక దోషం 2 పైచిలుకు. 1000 విడతలతో అది 0.7కు తగ్గుతుంది. అంటే వంద విడతలతో 93 వచ్చిన కొమ్మ, 97 వచ్చిన కొమ్మ నిజానికి ఒకటే కావచ్చు. "93 కన్నా 97 బలమైనది" అని పేరాలు రాయకండి. విడతలు పెంచితే పోయేది ఈ లాటరీ దోషం మాత్రమే. డేటాలో ఉన్న అనిశ్చితి అలాగే ఉంటుంది.

అంకెలు చదవడం

మామూలు బూట్‌స్ట్రాప్‌కు 70 అనే గీత బాగా వాడుకలో ఉంది. 1993లో హిల్లిస్, బుల్ చేసిన పరిశోధన నుంచి వచ్చిందది. కొన్ని అనుకూల పరిస్థితుల్లో 70 దాటిన కొమ్మలు చాలావరకు నిజమైనవేనని వాళ్లు చూపించారు. ఆ పరిస్థితులు ఏమిటన్నది మరచిపోయి, 70ని మాత్రం అందరూ పట్టుకున్నారు. మార్పుల వేగం శాఖకో రకంగా ఉంటే ఆ హామీ చెల్లదు.

అల్ట్రాఫాస్ట్‌కు ఈ 70 పనికిరాదు. అక్కడ 95, అంతకు మించి ఉంటేనే నమ్మదగిన కొమ్మ. ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీకి 80. రెండూ దాటిన కొమ్మను నేను ధైర్యంగా వాక్యంలోకి తెస్తాను. ఒకటి దాటి ఒకటి దాటకపోతే ఆగి, అలైన్‌మెంట్‌లోకి వెళ్లి ఆ కొమ్మకు మద్దతిచ్చే వరుసలు ఎన్నో చూస్తాను. రెండు మూడు వరుసల మీద నిలబడ్డ కొమ్మలు కళ్లకే తెలిసిపోతాయి.

ఇంకో పొరపాటు బొమ్మ గీసేటప్పుడు జరుగుతుంది. సపోర్ట్ విలువ, అంటే మనం చదివే ఈ అంకె, కొమ్మకు చెందింది. ఆ కొమ్మను నరికితే జీవులు ఏ రెండు గుంపులుగా విడిపోతాయో, ఆ విభజనకు చెందింది. కానీ ఫైల్‌లో దాన్ని కణుపు పేరుగా రాస్తారు. చెట్టుకు వేరును ఒక చోటినుంచి మరో చోటికి మార్చినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ అంకెను పక్క కొమ్మ మీదికి జరిపేస్తాయి. వేరు మార్చాక కనీసం రెండు మూడు కొమ్మలను పాత బొమ్మతో సరిచూడండి.

చిన్న సీక్వెన్సుల సంగతి చెబుతానన్నాను. మూడు వందల బేసులే చదివిన ఒక పురుగు ఉందనుకోండి. దానికి స్థిరమైన చోటు ఉండదు. ఒక విడతలో ఈ కొమ్మ మీద, మరో విడతలో ఆ కొమ్మ మీద వాలుతుంది. అది వాలిన ప్రతిచోటా గుంపు చెడినట్టే లెక్క. ఒక్కదాని వల్ల చుట్టూ ఉన్న ఐదారు కొమ్మల అంకెలు కూలిపోతాయి. దాన్ని తీసేసి మళ్లీ నడపండి. అంకెలు ఒక్కసారిగా లేస్తే దోషి ఎవరో దొరికినట్టే. వందల జీవుల పెద్ద చెట్లకు ఇదే ఇబ్బంది మరీ ఎక్కువ. వాటికోసమే 2018లో ట్రాన్స్‌ఫర్ బూట్‌స్ట్రాప్ అనే సవరణ వచ్చింది. గుంపు అచ్చంగా అలాగే వచ్చిందా లేదా అని కాకుండా, ఎంతమంది సభ్యులు అటూ ఇటూ జరిగితే గుంపు సరిపోతుందో అది కొలుస్తుంది.

తక్కువ అంకె వచ్చిన కొమ్మలను ఏం చేయాలి? కూల్చేయండి. అంటే మూడు నాలుగు శాఖలు ఒకే కణుపునుంచి బయల్దేరినట్టు గీయండి. "ఇక్కడ వరుస తేలలేదు" అని చెప్పే ఆ బొమ్మ సిగ్గుపడాల్సిందేమీ కాదు. నేను పరీక్షకుడిగా కూర్చున్నప్పుడు అలాంటి బొమ్మ చూస్తే ఆ విద్యార్థి మీద గౌరవం పెరుగుతుంది.

బేయీసియన్ దారి

మిస్టర్‌బేయస్, బీస్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు వేరే రకం అంకె ఇస్తాయి. దాని పేరు పోస్టీరియర్ సంభావ్యత. ఇది నిజంగానే "ఈ గుంపు సరైనదయ్యే అవకాశం" అన్న ప్రశ్నకు జవాబు. కాకపోతే రెండు షరతులున్నాయి. మోడల్ సరైనదై ఉండాలి, మనం ముందుగా ఇచ్చిన ప్రయర్ ఊహలు ఒప్పుకోదగినవై ఉండాలి.

నడిపే తీరు: చెట్ల లోకంలో ఒక చెట్టునుంచి మరో చెట్టుకు అడుగులేస్తూ ఒక చైన్ తిరుగుతుంది. డేటాకు తగిన చెట్ల దగ్గర ఎక్కువసేపు గడుపుతుంది. అది తగినంత తిరిగిందా అన్నది తేల్చడం మీ బాధ్యత. మిస్టర్‌బేయస్ మామూలుగానే రెండు పరుగులను విడివిడిగా నడుపుతుంది. రెండూ ఒకే చోటికి చేరాయో లేదో చెప్పే విభజనల సగటు తేడా 0.01 కన్నా తగ్గేదాకా ఆపకండి. మొదటి నాలుగో వంతు చెట్లను వదిలేయండి. ట్రేసర్ అనే సాధనంలో ఈఎస్ఎస్ విలువలు (చైన్ ఇచ్చినవాటిలో నిజంగా స్వతంత్రమైన నమూనాల లెక్క) 200 దాటాయో చూడండి. ఇవేవీ చూడకుండా తీసుకున్న 1.00కు విలువ లేదు.

పోస్టీరియర్ అంకెలు మామూలు బూట్‌స్ట్రాప్ కన్నా పెద్దగా వస్తుంటాయి. బూట్‌స్ట్రాప్ 72 ఉన్న కొమ్మకే ఇక్కడ 0.98 రావచ్చు. అందుకని బావున్నదాన్ని ఎంచుకుని రెండోదాన్ని దాచేయడం సరికాదు. రెండూ పక్కపక్కన రాయండి. మూడు శాఖలు నిజంగా ఒకేసారి విడిపోయిన సందర్భాల్లో కూడా ఈ పద్ధతి ఒక్కోసారి ఏదో ఒక జంటకు గట్టి మద్దతు చూపిస్తుంది. పొట్టి కొమ్మ మీద 0.97 కనిపిస్తే నేను తొందరపడను.

ఏ విడతకూ దొరకని తప్పు

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కొనేవాడు పైనున్న కాయలు చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి దించి, నాలుగు చోట్లనుంచి నాలుగు కాయలు తీసి చూస్తాడు. కాయకూ కాయకూ ఉండే తేడా అలా తెలుస్తుంది. కానీ తూకం కాటానే తప్పయితే? ఎన్ని బస్తాలు తూచినా అదే తప్పు, అంతే స్థిరంగా వస్తుంది.

బూట్‌స్ట్రాప్ మొదటి రకం తేడాను కొలుస్తుంది. కాటా తప్పును కొలవలేదు. ఫెల్సెన్‌స్టైనే 1978లో దీన్ని గణితంతో చూపించాడు. రెండు దూరపు శాఖలు చాలా వేగంగా మారాయనుకోండి. నాలుగే అక్షరాలు కాబట్టి రెండింటిలోనూ యాదృచ్ఛికంగా ఒకే అక్షరం పడే సందర్భాలు పోగవుతాయి. అప్పుడు అతి తక్కువ మార్పులున్న చెట్టును వెతికే పార్సిమనీ పద్ధతి ఆ రెండింటినీ దగ్గరి చుట్టాలుగా జత కడుతుంది. డేటా పెంచితే ఆ తప్పు మరింత గట్టిపడుతుంది. వంద అన్న బూట్‌స్ట్రాప్‌తో తప్పుడు జంట వస్తుంది. దీన్ని పొడవు కొమ్మల ఆకర్షణ అంటారు. మోడల్ సరిగా లేకపోతే లైక్లీహుడ్ (మోడల్ ప్రకారం మన డేటా రావడానికి ఎక్కువ అవకాశం ఇచ్చే చెట్టును వెతికేది), బేయీసియన్ పద్ధతులు కూడా ఇందులో పడతాయి.

దీన్ని పట్టుకోవడానికి పద్ధతిని మార్చి మార్చి చూడాలి. నేను నాలుగు పనులు చేయిస్తాను. మూడో కోడాన్ స్థానాన్ని తీసేసి నడపడం. మరీ పొడవైన కొమ్మ ఉన్న జీవిని తీసేసి నడపడం. దూరపు ఔట్‌గ్రూప్ (చెట్టు వేరు ఎక్కడో తేల్చడానికి పోలికకు పెట్టే బయటి జీవి) బదులు దగ్గరిదాన్ని పెట్టడం. మోడల్‌ను సరళంగా ఒకసారి, సంక్లిష్టంగా ఒకసారి మార్చడం. వీటన్నిటిలోనూ మన కొమ్మ నిలిచిందా? నిలిస్తే 85 ఉన్నా నాకు నమ్మకమే. ఔట్‌గ్రూప్ మార్చగానే జారిపోయే కొమ్మకు వంద ఉన్నా నమ్మను.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండంతా ఒకే మంట మీద ఉంది కాబట్టి ఆ మాట నిజం. జన్యువులది అలా కాదు. ఒక్కో జన్యువు ఒక్కో దారిలో వచ్చి ఉండవచ్చు. సీఓఐ మైటోకాండ్రియాలో ఉంది కాబట్టి అది తల్లి వైపు కథే చెబుతుంది. 658 బేసులు కలిసే ప్రయాణం చేశాయి కాబట్టి సాక్షి ఒక్కరే. ఆ ఒక్క సాక్షి మాటను వెయ్యిసార్లు అడిగినా సాక్షులు వెయ్యిమంది కారు.

పెద్ద డేటాలతో ఈ పాఠం ఎలా తెలిసొచ్చిందో ఈస్ట్‌ల చరిత్ర చెబుతుంది. 2003లో రోకాస్ బృందం 106 జన్యువులను కలిపి కట్టిన ఈస్ట్ చెట్టులో ప్రతి కొమ్మకూ వంద వచ్చింది. విడివిడిగా చూస్తే ఆ జన్యువులు ఒకదానితో ఒకటి విభేదించాయి. పదేళ్ల తర్వాత, 2013లో, సాలికోస్, రోకాస్ 23 ఈస్ట్‌ల 1070 జన్యువులను తీసుకున్నారు. కలిపి కట్టిన చెట్టుతో పూర్తిగా సరిపోయిన జన్యువు వాటిలో ఒక్కటి కూడా లేదు.

అందుకే రెండు మూడు జన్యువులైనా ఉంటే కన్‌కార్డెన్స్ ఫ్యాక్టర్లు లెక్కించండి. ఐక్యూ-ట్రీలోనే ఉన్నాయి. జన్యు స్థాయి అంకె, ఈ కొమ్మ గురించి చెప్పగలిగిన జన్యు చెట్లలో ఎంత శాతం దీన్ని సమర్థిస్తున్నాయో చెబుతుంది. స్థాన స్థాయి అంకె అదే పనిని నిలువు వరుసలతో చేస్తుంది. మన పది చిట్టీల లెక్కలో అది 75: మాట్లాడిన నాలుగు వరుసల్లో మూడు అనుకూలం. వరుసలను వంద చేసినప్పుడు బూట్‌స్ట్రాప్ 79 నుంచి 99 దాటింది, ఈ అంకె మాత్రం 75 దగ్గరే నిలిచింది. స్థాన స్థాయిలో 33 దగ్గర ఉంటే మూడు అమరికల్లో దేనికీ మొగ్గు లేదని. బూట్‌స్ట్రాప్ 100, స్థాన స్థాయి 36 కలిసి కనిపిస్తే ఆ కొమ్మ కథ ఇంకా నడుస్తోందని రాయండి.

రెండు చెట్లను ఎదురెదురుగా నిలబెట్టడం

ప్రశ్న సూటిగా ఉంటే సూటి పరీక్ష ఉంది. "ములుగు పురుగులు విడి గుంపు కాదు" అన్న షరతు పెట్టి అత్యుత్తమ చెట్టు కట్టండి, షరతు లేకుండా మరొకటి కట్టండి. రెండింటి లైక్లీహుడ్ తేడా యాదృచ్ఛికంగా వచ్చేంత చిన్నదా అని ఏయూ పరీక్షతో చూడండి. 2002లో షిమోదైరా ఇచ్చిన పరీక్ష ఇది. పీ విలువ 0.05 కన్నా తక్కువైతే ఓడిన చెట్టును తోసిపుచ్చవచ్చు. ఎక్కువైతే దాన్ని తోసిపుచ్చలేకపోయామని మాత్రమే అర్థం, అది గెలిచిందని కాదు. ఇంతకన్నా పాతదైన కేహెచ్ పరీక్షను మాత్రం డేటా చూడకముందే ఎంచుకున్న రెండు చెట్లకే వాడాలి. ఆ డేటానుంచే వచ్చిన అత్యుత్తమ చెట్టును అందులో పెడితే ఫలితం దానివైపే మొగ్గుతుంది.

థీసిస్‌లో ఎలా రాయాలి

పద్ధతుల అధ్యాయంలో ఇవి తప్పనిసరి: సాఫ్ట్‌వేర్ వెర్షన్, మోడల్, డేటాను ఎలా భాగాలు చేశారు, ఏ రకం బూట్‌స్ట్రాప్, ఎన్ని విడతలు, ర్యాండమ్ సీడ్ (అదే లాటరీని మళ్లీ అలాగే తీయడానికి ఇచ్చే) అంకె. బొమ్మ కింద ఏ అంకె ఏ కొలతదో వరుస చెప్పండి. 85/97 అని ఉంటే మొదటిది ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ, రెండోది అల్ట్రాఫాస్ట్ అని తెలియాలి. ఐక్యూ-ట్రీ ఆ వరుసలోనే రాస్తుంది.

ఫలితాల అధ్యాయంలో వాక్యం ఎంత గట్టిగా ఉండాలన్నది కొమ్మ చెప్పాలి. రెండు నమూనాలు ఇస్తాను. గట్టి కొమ్మకు: "నల్ల తామర పురుగు నమూనాలన్నీ ఒకే గుంపుగా వచ్చాయి, మూడో కోడాన్ స్థానం తీసేసినా, ఔట్‌గ్రూప్ మార్చినా ఈ గుంపు మారలేదు." బలహీనమైన కొమ్మకు: "ములుగు నమూనాలు విడి శాఖ అని చెప్పడానికి ఈ జన్యువు సరిపోలేదు, వాటి మధ్య కొమ్మ పొడవు దాదాపు సున్నా, షరతు పెట్టిన చెట్టును ఏయూ పరీక్ష తోసిపుచ్చలేదు." రెండో వాక్యం రాయడానికి విద్యార్థులు జంకుతారు. ప్రాజెక్టు విఫలమైనట్టు అనిపిస్తుంది. కానీ ములుగులో వేరే రకం పురుగు ఉందని తప్పుగా రాస్తే, ఆ మాట నమ్మి ఎవరైనా మందు మార్చమని సలహా ఇస్తే, డబ్బు పోయేది రైతుది.

ఇంకొక్క పని మిగిలింది. డీఎన్ఏ తీసిన పురుగులో మిగిలిన భాగాన్ని, మిగతా పురుగులను 95 శాతం ఆల్కహాల్‌లో, ఊరి పేరు, తేదీ, ఏ పంట మీద దొరికిందో పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వేసి ఫ్రీజర్‌లో దాచండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. వచ్చే ఏడాది కేంద్రక జన్యువు ఒకటి చదివించాలనుకున్నప్పుడు రెండో సాక్షి దొరికేది ఆ సీసాలోనే.